రాజమహల్లో లేసు అల్లే అమ్మాయి



వేసవి సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన మొదటి వారం. ఇంగ్లీష్ మేడమ్ పారిస్ వెళ్లొచ్చారన్న సంగతి 7వ తరగతి పిల్లలకు ఎలాగో తెలిసిపోయింది. అటెండెన్స్ పూర్తి కాకముందే ముందు బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. "మేడమ్, మీరు మోనాలిసాను చూశారట కదా! ఎలా ఉంది?"

చూశానని చెప్పాను. ఎలా ఉందో మాత్రం చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ బొమ్మ ముందు నేను నిలబడింది ఒక్క నిమిషం కూడా ఉండదు. ఆ కాసేపూ బొమ్మ వైపు చూడనేలేదు. నా ఫోన్‌లో బొమ్మ సరిగ్గా పడిందా లేదా అని చూసుకున్నాను. అదే రోజు, అదే భవనంలో, జనం పెద్దగా ఆగని ఒక చిన్న బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడ్డాను. దాని గురించి పిల్లలకు పీరియడ్ మొత్తం చెప్పగలిగాను.

ఈ తేడా ఎక్కడ వచ్చిందో ఆలోచిస్తే నాకే ఒక పాఠం దొరికింది. దసరా, సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని మ్యూజియానికో, కోటకో తీసుకెళ్లాలనుకునే వారికి పనికొస్తుందని ఈ నెల రాస్తున్నాను.

కోట, మహల్, ఆ తర్వాత మ్యూజియం

పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న లూవ్ర్ మ్యూజియం ఈరోజు ప్రపంచంలో ఎక్కువమంది చూసే మ్యూజియం. కానీ దాన్ని మ్యూజియం కోసం కట్టలేదు. 1190 ప్రాంతంలో ఫిలిప్ ఒగుస్ట్ అనే ఫ్రాన్స్ రాజు తన నగరానికి పడమటి వైపు కాపలాగా ఒక కోట కట్టించాడు. మన దగ్గర కాకతీయ గణపతిదేవుడు రాజ్యానికి వచ్చింది 1199లో. అంటే దాదాపు అదే కాలం. కోట చుట్టూ కందకం, మధ్యలో పెద్ద బురుజు ఉండేవి.

14వ శతాబ్దంలో ఐదో చార్లెస్ ఆ కోటను నివాసంగా మార్చుకుని అందులో పెద్ద గ్రంథాలయం పెట్టుకున్నాడు. ఆ తర్వాత మన శ్రీకృష్ణదేవరాయల కాలపు రాజు మొదటి ఫ్రాన్స్వా వచ్చాడు. ఇటలీ నుంచి లియొనార్డో డావిన్చీని 1516లో ఫ్రాన్స్‌కు పిలిపించుకున్నది ఈయనే. లియొనార్డో 1519లో అక్కడే కన్నుమూశాడు. మోనాలిసా ఫ్రాన్స్ రాజుల ఇంటికి చేరింది అలాగే. 1546లో ఫ్రాన్స్వా పాత కోట స్థానంలో కొత్త పద్ధతి మహల్ కట్టే పని మొదలుపెట్టించాడు. తర్వాత వచ్చిన రాజులు ఒక్కొక్కరు ఒక్కో భాగం కలుపుతూ పోయారు. 1682లో పద్నాలుగో లూయీ తన దర్బారును వెర్సాయ్ మహల్‌కు మార్చేసుకున్నాక, లూవ్ర్ గదుల్లో చిత్రకారులు, శిల్పులు కాపురాలు పెట్టారు.

9వ తరగతి సోషల్‌లో పిల్లలు ఫ్రెంచి విప్లవం చదువుతారు. 1792 ఆగస్టు 10న అక్కడ రాజరికం కూలిపోయింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1793 ఆగస్టు 10న, లూవ్ర్ తలుపులు మ్యూజియంగా తెరిచారు. రాజుగారివి, చర్చిలవి కలిపి మొదట 537 చిత్రాలు పెట్టారు. నిన్నటివరకు రాజుగారు, ఆయన అతిథులు మాత్రమే నడిచిన గదుల్లోకి రొట్టెలు చేసేవాళ్లు, చాకలివాళ్లు, బండి తోలేవాళ్లు కూడా రావచ్చు. 'రాజుగారి బొమ్మలు' ఒక్క ఏడాదిలో 'మన బొమ్మలు' అయ్యాయి. మా పిల్లలకు ఈ తేదీ చెప్పినప్పుడు ఒకమ్మాయి అడిగింది, "మరి వాళ్లకు ఆ బొమ్మలు ఎలా చూడాలో ఎవరు నేర్పారు మేడమ్?" అని. ఆ ప్రశ్న నా మనసులో ఉండిపోయింది. మిగతా వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

మేము చేసిన పొరపాటు

మా అక్క, బావగారు జర్మనీలో ఉద్యోగం చేస్తారు. సెలవులకు నేను వెళ్లినప్పుడు అక్క, పదేళ్ల మా అక్క కొడుకు, నేను కలిసి పారిస్ వెళ్లాం. లూవ్ర్‌కు ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. మంగళవారం సెలవు. 18 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఈ వివరాలన్నీ అక్క ముందే చూసుకుంది. నేను నా వంతుగా 'తప్పక చూడాల్సిన 20 కళాఖండాలు' అని ఒక లిస్టు రాసుకున్నాను. ఎంత కాదన్నా టీచర్‌ని కదా, సిలబస్ పూర్తి చేయకుండా ఉండలేను.

మహల్ ముంగిట పెద్ద గాజు పిరమిడ్ ఉంటుంది. 1989లో తెరిచారు. అమెరికాలో స్థిరపడిన చైనా వాస్తుశిల్పి ఐ.ఎం.పై దాని రూపకర్త. పాత మహల్ ముందు ఈ గాజు కట్టడం ఏమిటని అప్పట్లో ఫ్రాన్స్‌లో చాలామంది మండిపడ్డారట. ఇప్పుడు లూవ్ర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. దాని కిందనుంచి లోపలికి దిగితే మూడు వైపులకు మూడు విభాగాలు: దెనాఁ, సుల్లీ, రిషిల్యూ. దాదాపు 400 గదులు. ప్రదర్శనలో ఉన్నవి సుమారు 35,000 వస్తువులు. ఒక్కో వస్తువుకు ఒక్క నిమిషం చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు చూసినా 70 రోజులు దాటుతుంది. ఈ లెక్క నేను మన స్కూల్‌కు వచ్చాక 7వ తరగతి పిల్లలతో వేయించాను. ముందే వేసుకుని ఉంటే ఆ లిస్టు రాసేదాన్ని కాదు.

మొదటి గంటలో మేము ఏడు కళాఖండాలకు టిక్కు పెట్టాం. మోనాలిసా గదిలో జనం మధ్య తోసుకుంటూ ముందుకు వెళ్లాం. బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. గాజు వెనక, దూరంగా ఉంది. మావాడికి అడ్డంగా ఎత్తిన ఫోన్లు తప్ప ఏమీ కనబడలేదు. బావగారికి పంపుదామని ఫోటో తీసుకుని వెనక్కి తిరిగాం. ఆ గదిలోనే మోనాలిసాకు ఎదురుగోడ మీద లూవ్ర్‌లోని అతి పెద్ద చిత్రం ఉంది. వెరొనేజె 1563లో పూర్తి చేసిన 'కానా పెళ్లివిందు'. ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94 మీటర్లు. మన క్లాస్‌రూమ్ గోడ దానికి చాలదు. అంత పెద్ద బొమ్మకు మేము కూడా వీపు పెట్టి నిలబడ్డామని బయటికొచ్చాక గానీ గుర్తురాలేదు.

ఎనిమిదో టిక్కు దగ్గర మావాడు నేల మీద కూర్చుండిపోయాడు. "పిన్నీ, రాజు ఇల్లు అన్నావు కదా, ఆ ఇల్లేదీ? ఇక్కడ అన్నీ బొమ్మలే" అన్నాడు. అక్కకు కోపం వచ్చింది. "ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే ఇదా!" అంది. నిజం చెప్పాలంటే వాడు అడిగినది మంచి ప్రశ్న. నేను లిస్టు మడిచి బ్యాగులో పెట్టేశాను.

రాళ్ల మీద హృదయాలు

సుల్లీ విభాగం అడుగు అంతస్తులో ఫిలిప్ ఒగుస్ట్ కట్టించిన అసలు కోట గోడలున్నాయి. 1980లలో తవ్వకాల్లో వాటిని బయటపెట్టి, ఒకప్పుడు కందకం ఉన్నచోట మనం నడిచేలా దారి ఏర్పాటు చేశారు. నెత్తిమీద మహల్, పక్కన 800 ఏళ్ల నాటి రాతిగోడ. మావాడు లేచి నిలబడ్డాడు. ఇక మాకంటే ముందు వాడే నడిచాడు.

కాసేపటికి అరిచాడు: "పిన్నీ, ఎవరో రాయి మీద లవ్ సింబల్ గీశారు!" దగ్గరికి వెళ్లి చూస్తే నిజమే. కొన్ని రాళ్ల మీద చిన్న హృదయాకారపు గుర్తులు చెక్కి ఉన్నాయి. అవి ఎవరో ప్రేమికులు గీసినవి కావు. ఆ కాలపు రాతి పనివాళ్ల గుర్తులు. ఏ రాయి ఎవరు చెక్కారో తెలియడానికి పనివాళ్లు ఇలాంటి గుర్తులు పెట్టుకునేవారు. రాజు పేరు ప్రతి పుస్తకంలో ఉంది. ఈ పనివాడి పేరు ఎక్కడా లేదు. వాడి గుర్తు మాత్రం పదేళ్ల పిల్లాడి కంటపడింది. మావాడు అక్కడే కూర్చుని తన నోట్‌బుక్‌లో ఆ గుర్తు గీసుకున్నాడు. నా లిస్టులోని 20లో అది లేదు.

అక్కడినుంచి పెద్ద మెట్లదారి దగ్గరికి వెళ్లాం. పైన, ఓడ ముక్కు ఆకారంలో ఉన్న రాతి దిమ్మె మీద రెక్కలు విప్పుకున్న పాలరాతి దేవత నిలబడి ఉంటుంది. గ్రీసు దేశపు సమొత్రాకీ దీవిలో 1863లో ముక్కలుగా దొరికిన విజయదేవత. క్రీ.పూ. 190 ప్రాంతానిది అంటారు. తల లేదు, చేతులు లేవు. ఈసారి నేనేమీ చెప్పకుండా, "ఈమె ఇప్పుడే దిగిందా, ఎగరబోతోందా?" అని అడిగాను. వాడు చుట్టూ తిరిగాడు. "బట్ట ఒంటికి అతుక్కుంది పిన్నీ, ఎదురుగాలి కొడుతోంది. ఇప్పుడే దిగింది" అన్నాడు. ఆ తర్వాత కుడి రెక్క అసలుది కాదని, ఎడమ రెక్కను చూసి దానికి జతగా ప్లాస్టర్‌తో చేశారని చెప్పాను. ఏది నిజం రెక్కో, ఏది అతికించిందో పోల్చి చూడటానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. అప్పటివరకు 'బోర్' అన్న పిల్లాడే వీడు.

A4 కాగితం కంటే చిన్న బొమ్మ

చివరికి రిషిల్యూ విభాగం పై అంతస్తుకు వెళ్లాం. ఈ విభాగంలో 1989 వరకు ఫ్రాన్స్ ఆర్థిక మంత్రిత్వ శాఖ ఆఫీసులు ఉండేవట. వాటిని ఖాళీ చేయించి, 1993లో, అంటే మ్యూజియం మొదటిసారి తెరిచిన 200 ఏళ్లకు, బొమ్మలకు ఇచ్చారు. అక్కడ జనం పలచబడ్డారు.

ఒక గదిలో గోడమీద చాలా చిన్న చిత్రం. నెదర్లాండ్స్ చిత్రకారుడు వెర్మీర్ 1669-70 ప్రాంతంలో వేసిన 'లేసు అల్లే అమ్మాయి'. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఇంట్లో A4 కాగితం తీసుకుని పొడవులో ఐదారు సెంటీమీటర్లు మడవండి. అంతే ఆ బొమ్మ. పసుపు రంగు దుస్తుల్లో ఒక అమ్మాయి తల వంచుకుని లేసు అల్లుతోంది. ఆమె మనల్ని చూడదు, నవ్వదు. చూపంతా వేళ్ల దగ్గర. వెలుగు కుడివైపు నుంచి నుదుటిమీద, వేళ్లమీద పడుతోంది. ముందువైపు నీలం దిండులోంచి ఎర్రదారాలు, తెల్లదారాలు జారిపడుతున్నాయి. దగ్గరగా చూస్తే అవి దారాలు కావు, రంగు ఒలికినట్టు మసకగా ఉంటాయి. ఆమె వేళ్ల మధ్య ఉన్న సన్నని దారం మాత్రం సూదిమొనలా స్పష్టంగా ఉంటుంది. అంటే ఆమె కళ్లు ఎక్కడున్నాయో చిత్రకారుడు మన కళ్లను అక్కడికే తీసుకెళ్లాడు.

నేను కదల్లేకపోయాను. అక్క కూడా మాట్లాడలేదు. ఇద్దరికీ ఒకరే గుర్తొచ్చారు.

మా అమ్మమ్మది నరసాపురం పక్కన పల్లెటూరు. ఆ ప్రాంతం లేసు అల్లికలకు పేరు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మ వంటపని అయ్యాక అరుగుమీద కూర్చుని, ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని, పొద్దువాలేవరకు లేసు అల్లేది. వారానికోసారి ఏజెంటు వచ్చి ముక్కలు లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. తన ముక్కలు వేరేవాళ్ల వాటిలో కలిసిపోకుండా ఒక మూల చిన్న ఎర్రదారం ముడి వేసేది. కోట గోడమీద రాతి పనివాడి గుర్తు చూసినప్పుడే నాకు ఆ ముడి మనసులో మెదిలింది. ఈ బొమ్మ ముందు నిలబడ్డాక అది ఏమిటో అర్థమైంది. ఆ లేసు డబ్బులతోనే మా అమ్మ డిగ్రీ చదువుకుంది. ఆమె అల్లిన ఒక్క ముక్క కూడా మా ఇంట్లో లేదు. అన్నీ అమ్మేసినవే. దాచుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఊరికి వచ్చాక అమ్మమ్మకు ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ముందు అంది, "ఎవరమ్మా ఈ పిల్ల? ఇలా వంగితే మెడ పట్టేస్తుంది." తర్వాత అంది, "ఇది మన అల్లిక కాదే. సూది ఏదీ? ఏవో పుల్లలు పట్టుకుంది." నేను ఆశ్చర్యపోయాను. అమ్మమ్మ చెప్పింది నిజం. ఆ బొమ్మలో అమ్మాయి దిండు మీద చిన్న కర్ర కదుర్లతో లేసు అల్లుతోంది. మన నరసాపురం లేసు కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లుతారు. బీఈడీ చదివిన నేను అక్కడ పది నిమిషాలు నిలబడి కూడా గమనించనిది అమ్మమ్మ ఫోన్ తెర మీద పట్టేసింది.

చివర్లో ఒక మాట అడిగింది. "పనిచేసుకునే ఆడవాళ్లను కూడా రాజుల మేడలో పెడతారా?"

పెడతారని చెప్పాను. ఆ బొమ్మను లూవ్ర్ 1870లో కొన్నదని, రోజూ ఎక్కడెక్కడి జనమో వచ్చి చూస్తారని చెప్పాను. అమ్మమ్మ ఏమీ అనలేదు. మర్నాడు నేను బయల్దేరేముందు, పెట్టె అడుగున దొరికిందని, అరచేయంత లేసు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. సగంలో ఆపేసిన ముక్క.

క్లాసులో ఏం జరిగింది

ఆ ముక్కను 7వ తరగతికి తీసుకెళ్లాను. స్మార్ట్ బోర్డు మీద వెర్మీర్ బొమ్మ పెట్టాను. లూవ్ర్ తన దగ్గరున్న కళాఖండాల వివరాలను ఫోటోలతో సహా 2021 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసే వీలు కల్పించింది. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడాలన్నాను. ఆ తర్వాత చూసినది చెప్పాలి. 'బాగుంది' అనే మాట వాడకూడదు.

మార్కుల్లో ఎప్పుడూ వెనకబడే ఒక అబ్బాయి మొదట చెయ్యెత్తాడు. "మేడమ్, కిటికీ కనబడట్లేదు కానీ కుడివైపు ఉండాలి. ఆమె ముఖంలో ఆ వైపే వెలుగుంది." కనబడిన ఆధారంతో కనబడనిదాన్ని చెప్పాడు. ఇంగ్లీష్ పేపర్‌లో కాంప్రహెన్షన్ ప్రశ్నలు అడిగేది సరిగ్గా ఇదే. ప్యాసేజ్‌లో రాయని విషయాన్ని, రాసినదాన్ని బట్టి ఊహించడం. ఆ రోజు వాడు రాసిన పేరా ఈ ఏడాదిలో వాడు రాసినవాటిలో అన్నిటికంటే పెద్దది.

గత పేరెంట్ మీటింగ్‌లో ఒక తండ్రిగారు నన్ను సూటిగా అడిగారు. "మేడమ్, ఈ బొమ్మలు చూపించడం వల్ల ఎన్ని మార్కులు వస్తాయి?" ఫీజు కట్టేవారికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. తప్పుగా తీసుకోలేదు. నా జవాబు ఇది: మ్యూజియం మీద ప్రశ్న ఎప్పుడో ఒకసారి వస్తుంది. కానీ నిదానంగా చూడటం, చూసినదాన్ని మాటల్లో పెట్టడం, 'ఎందుకలా అనుకుంటున్నావు' అంటే ఆధారం చూపడం అనే మూడు పనులు ప్రతి పేపర్‌లోనూ, ప్రతి సబ్జెక్టులోనూ కావాలి. సైన్స్ ల్యాబ్‌లోనూ అవే కావాలి.

'ఇవి ఎవరివి?' అని పిల్లలు అడిగితే

పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. తప్పించుకోకండి. 'కానా పెళ్లివిందు' చిత్రాన్ని వెరొనేజె వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల కోసం వేశాడు. 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని పారిస్‌కు తెచ్చింది. 1815లో నెపోలియన్ ఓడిపోయాక చాలా కళాఖండాలు సొంత ఊళ్లకు తిరిగి వెళ్లాయి. ఇది వెళ్లలేదు. దానికి బదులుగా వెనిస్‌కు వేరొక ఫ్రెంచి చిత్రం ఇచ్చారు.

ఇది చెప్పగానే క్లాసు రెండుగా చీలిపోయింది. "తిరిగి ఇచ్చేయాలి" అని కొందరు, "అక్కడైతే ఎక్కువమంది చూస్తారు" అని కొందరు. అప్పుడు మన అమరావతి స్థూపం శిల్పాల సంగతి చెప్పాను. వాటిలో కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, ఇంకొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. "అక్కడే ఉండనీ" అన్నవాళ్లలో సగంమంది మాట మార్చుకున్నారు. ఎందుకు మార్చుకున్నారో రాయమన్నాను. ఏది సరైనదో నేను చెప్పలేదు. మీరూ తొందరపడి చెప్పకండి. ముందు పిల్లల కారణం వినండి.

మన దగ్గర

దీనికోసం పారిస్ వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం కథ దీనికి దగ్గరి చుట్టమే. నిజాంల దగ్గర దివాన్లుగా పనిచేసిన వంశంలో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో వారసులు లేకుండా కన్నుమూశారు. ఆయన సేకరించినవాటిని ఆయన మహల్ దివాన్ దేవిడీలోనే పెట్టి 1951 డిసెంబర్ 16న నెహ్రూ గారి చేతుల మీదుగా ప్రజలకు తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు.

నేను పదో తరగతిలో ఎక్స్‌కర్షన్‌కు అక్కడికి వెళ్లాను. మా లైను ఎక్కడా ఆగకుండా గదులన్నీ దాటింది. గంటలు కొట్టే గడియారం తప్ప ఇంకేమీ గుర్తులేదు. మొన్న దసరాకు మళ్లీ వెళ్లి ఒక్క బొమ్మ ముందు ఆగాను. ఒకే కొయ్య దుంగలో ముందువైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలీస్, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా. వెనక అద్దంలో ఆమె కనబడుతుంది. ఒకే దుంగ, రెండు స్వభావాలు. పదో తరగతిలో అది నా ముందునుంచే వెళ్లిపోయి ఉంటుంది. మీరు వెళ్తే శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

పిల్లలతో వెళ్లేటప్పుడు

నేను పొరపాటు చేసి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందురోజు ఇంట్లోనే మూడంటే మూడు వస్తువులు ఎంచుకోండి. రెండు మీవి, ఒకటి మీ పిల్లలది. మిగతావి దారిలో కనబడితే సంతోషం.

2. పక్కనున్న పలక చదవకముందే బొమ్మ చూడండి. "ఏం కనబడుతోంది? ఏం జరుగుతున్నట్టుంది? అలా ఎందుకనిపించింది?" అని ఈ వరసలోనే అడగండి. పలక ఆ తర్వాత చదవండి.

3. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ బ్యాగులో ఉండాలి. మీది కూడా.

4. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. లూవ్ర్‌లో ఇప్పటికీ అనుమతి తీసుకున్న చిత్రకారులు బొమ్మల ముందు కూర్చుని నకళ్లు వేస్తారు. నకిలీలు పుట్టకుండా, నకలు అసలు బొమ్మ కొలతలో ఉండకూడదని నియమం. మీ పిల్లలు వేసేది ఎలాగూ అసలు కొలతలో ఉండదు, భయం లేదు! బాగా వేశారా అన్నది ముఖ్యం కాదు. గీయాలంటే చూడాలి, అది ముఖ్యం.

5. గంటన్నర చాలు. అలిసిపోకముందే బయటికి రండి. మళ్లీ వెళ్దామని పిల్లలే అడగాలి.

6. తిరిగొచ్చాక అమ్మమ్మకో, తాతయ్యకో, పక్కింటి పెద్దాయనకో చూసినది చెప్పమనండి. ఫోటో ఉంటే చూపించమనండి. నేత, కమ్మరం, వ్యవసాయం, కుట్టుపని ఏదైనా చేసిన పెద్దవాళ్లు మనం చూడనివి చూస్తారు. వాళ్లు ఏమన్నారో రాసుకోమనండి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది. 1793లో తలుపులు తెరిచారు. చూడటం మాత్రం పక్కన నిలబడ్డవాళ్లే నేర్పి ఉంటారు. పనిచేసిన చేతులు, ఓపిక ఉన్న కళ్లు. అలాంటివాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు.

ఈ నెల 7వ తరగతి పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్లు చేతితో చేసిన ఒక వస్తువును ఎంచుకుని, దాన్ని పది నిమిషాలు చూసి, ఇంగ్లీష్‌లో ఒక పేజీ, తెలుగులో ఒక పేజీ రాయాలి. ఆ వస్తువు ఎవరు చేశారో వాళ్ల పేరు పైన రాయాలి. దయచేసి మీరు రాసిపెట్టకండి. పక్కన కూర్చోండి చాలు. మిగతా తరగతుల పిల్లలు కూడా రాసి పంపవచ్చు. అన్నిటినీ లైబ్రరీ గోడమీద పెడతాం. వచ్చే పేరెంట్ మీటింగ్‌కు వచ్చినప్పుడు తప్పక చూడండి. ఆ గోడమీద మొదట ఉండేది సగంలో ఆగిన లేసు ముక్క. దాని కింద మా అమ్మమ్మ పేరు ఉంటుంది.

మీ
ఇంగ్లీష్ టీచర్, 7వ తరగతి